మంచు ఏ పక్కకి

ఇల్లు అద్దెకి తీసుకునే ముందు
ఊరు మంచిదేనా అని అడిగారు మీరు.
బడి ఉంది. బస్సు రోజుకి రెండుసార్లు.
బ్యాంకు ఎత్తేశారు, బేకరీ మిగిలింది.
ఇవన్నీ మునిసిపాలిటీ కాగితంలోనూ ఉంటాయి.
నన్నడిగితే వేరే లెక్క.
హార్మాలంపిలో మంచు తీసే బండి నాది,
రాత్రి మూడింటికి మొదలుపెడతాను.

బండి బ్లేడు రోడ్డుని శుభ్రం చేస్తుంది గానీ
తోసిందంతా ఇళ్ల గేట్లకడ్డంగా గట్టు కడుతుంది.
మోకాలెత్తు గట్టు, తెల్లారేసరికి రాయి.
తవ్వుకోవడం ఇంటివాళ్ల పని. రూల్సులో అంతే.
రూల్సులో లేనిదేమిటంటే
సైమా ముసలమ్మ గేటు దగ్గర బ్లేడు కాస్త ఎత్తుతాను,
మంత్రసాని ఇంటి ముందు రెండోసారి తిరిగొస్తాను.
ఎవరూ చెప్పలేదు. మా నాన్న అలా చేసేవాడు.

మా నాన్న ఇంకోటి కూడా చేసేవాడు.
వంతెన దాటాక పచ్చ చెక్కల ఇల్లు,
అక్కడ బ్లేడు దించేవాడు.
పక్కింటి మంచు కూడా తెచ్చి అక్కడే పోసేవాడు.
కాగితం మిల్లు సమ్మెలో
గేటు దాటి పనిలోకి పోయినవాళ్లు ముగ్గురు:
ఒకడు చచ్చిపోయాడు, ఒకడు స్వీడన్ పోయాడు,
మూడోవాడు ఆర్మస్, ఆ ఇంట్లోనే ఉన్నాడు.
మిల్లు మూతపడి పద్నాలుగేళ్లు.
దాని పొగగొట్టం కూడా కూల్చేశారు.
ఆర్మస్ గేటు ముందు గట్టు మాత్రం
ఏటేటా లేస్తూనే ఉంది.
బండితోపాటు నాకు వచ్చిన ఆస్తి అదీ.
సమ్మెనాటికి నేను పుట్టనైనా లేదు.

ఇక్కడ చలికాలం పొద్దున్నే అందరూ చేసే పని ఒకటుంది:
కిటికీలోంచి ఎదుటింటి పొగ చూడటం.
పొగ లేస్తే మనిషి లేచినట్టు.
సైమా పొగ అరగంట ఆలస్యమైతే
నలుగురు బూట్లు తొడుక్కుంటారు.
అవే కళ్లు
మీ చెత్తబుట్టలో ఖాళీ సీసాలూ లెక్కపెడతాయి,
మీ ఇంటి ముందు ఎవరి కారు ఆగిందో, ఎప్పుడు కదిలిందో.
ఈ ఊరి నోట్లో నువ్వుగింజ నానదు.
ఒకటి కావాలి, ఒకటి వద్దంటే కుదరదండీ,
రెండూ ఒకే కిటికీలోంచి వస్తాయి.

పోయిన జనవరి, మైనస్ ముప్పై ఒకటి.
వంతెన దాటాక ఆ గొట్టం మీద పొగ లేదు.
ముందురోజూ లేదని అప్పుడు గుర్తొచ్చింది.
అయినా బ్లేడు దించాను, అలవాటుగా.
పది గజాలు పోయాక ఆగాను.
వెనక్కొచ్చి చూస్తే
నేను కట్టిన గోడ నా ఛాతీదాకా.
పార పట్టుకుని ఇరవై నిమిషాలు తవ్వాను.
బండి మీదినుంచి పోసింది చేత్తో తియ్యాలంటే
ఎంతసేపు పడుతుందో అంతకుముందు తెలీదు.

వంటింటి నేల మీద ఉన్నాడు, తుంటి విరిగి,
తివాచీ చుట్టుకుని. బతికే ఉన్నాడు.
"బండి ఆగిన చప్పుడు వినపడింది" అన్నాడు,
"ఇక్కడ ఎప్పుడూ ఆగదే అనుకున్నాను."

అంబులెన్సు వెళ్లాక ఎదురింటి రైలీ బయటికొచ్చింది.
"కట్టెలు పొదుపు చేస్తున్నాడేమో అనుకున్నాం" అంది.
నా మొహంలోకి చూడలేదు.
నేనూ ఆవిడ మొహంలోకి చూడలేదు.

ఏప్రిల్లో ఇంటికొచ్చాడు ఆర్మస్.
పలకరించినవాళ్లు లేరు.
కానీ గుమ్మంలో, వార్తాపత్రికలో చుట్టిన చేపలు,
శుక్రవారం శుక్రవారం.
తలుపు కొట్టరు, పెట్టి పోతారు.
అందరి సంగతులూ మోసే ఊరు
ఆ ఒక్కటీ చెప్పదు.
నేనూ చెప్పను.

మంచిదా చెడ్డదా, మీరే చూసుకోండి.
పొయ్యి ముట్టించేముందు గొట్టం మూత తియ్యడం మర్చిపోకండి,
కొత్తవాళ్లు మర్చిపోతారు.
మీ గేటు మలుపులో ఉంది,
మంచు ఎటైనా నెట్టొచ్చు.
ఏ పక్కకి నెట్టమంటారో చెప్పండి,
రాసుకుంటాను.