సున్నం పాళ్లు

ఉదయగిరి దుర్గం మబ్బులో సగం మునిగిందంటే
ఇక్కడ మాకు పని పెరుగుతుంది.
వాన వస్తే అందరూ ఆకాశంకేసి చూస్తారు,
మేం గుట్ట కాళ్లకేసి చూస్తాం.

రాగి కోసం తవ్వినవాళ్లు రాగి తీసుకుని పోయారు.
సున్నంలోకి ఎముక లేకుండా కొండని చితక్కొట్టి
ఆ పిండినంతా వంక గట్టున
పది నిలువుల ఎత్తు పోసి పోయారు.
అందులో బంగారంలా మెరిసే రాయొకటుంది.
చిన్నప్పుడు జేబులో వేసుకుని బడికి పోయేవాణ్ణి.
తడిసిన నిక్కరుకి చిల్లి పడేదాకా తెలీదు
దాని కడుపులో గంధకం ఉందని.

గాలి తగిలి, చినుకు తగిలి
అది పులుస్తుంది.
రాత్రి రుబ్బిన దోసెల పిండిలా తెల్లారేసరికి కాదు,
ఏళ్ల తరబడి, ఎవరూ మూత తీసి చూడకుండానే.
ఆ పుల్లనీళ్లు వంకలో దిగితే
రాళ్లన్నీ తాంబూలం ఉమ్మినట్టు ఎర్రన.
కప్పలు ముందు పోయాయి. తరవాత జమ్ము.
తరవాత మాల్యాద్రి నిమ్మతోట,
వంకవైపు వరసతో మొదలై ఇంటివైపు వరసదాకా.
"పులుపు నిమ్మకాయకి ఉండాల గానీ
నీళ్లకెందుకురా?" అన్నాడాయన.
నా దగ్గర అప్పుడు మీటరూ లేదు, జవాబూ లేదు.

ఇప్పుడు మీటరుంది.
పొద్దున్నే రెండు పాయింట్ ఎనిమిది అంటుంది.

మొదటి ఏడు కాలవ నిండా సున్నపురాళ్లు పరిచాం.
మూడు నెలలకే వాటికి ఎర్రటి పక్కు కట్టి
లోపలి తెల్లదనం లోపలే ఉండిపోయింది.
రిజిస్టర్లో సంతకం ఉండి
కుర్చీలో మనిషి లేని ఆఫీసులా.
అప్పుడిక పులికాట్ నించి గుల్ల సున్నం తెప్పించాం.
లారీ టార్పాలిన్ విప్పితే ఉప్పుగాలి వాసన.
ఎక్కడో చచ్చిన గుల్లలు
మా వంక కోసం ఇంత దూరం.

ఎంత కలపాలి?
కాగితం లెక్క నాది. చేతి లెక్క వెంగమ్మక్కది.
"ఆకుకి రాసుకున్నట్టే అబ్బయ్యా,
తక్కువైతే పండదు, ఎక్కువైతే నోరు పొక్కుద్ది."
తొట్టిలో సున్నం పాలు వంచుతూ వంచుతూ
మీటరు చెప్పకముందే చెయ్యి ఎత్తేస్తుంది.
చూస్తే ఎనిమిది. ఒక్కోసారి ఎనిమిదిన్నర.
ఇనుము తుప్పు ముద్దగా, రాగి నీలిపచ్చ జిగటగా
అడుక్కి దిగుతాయి. పైన తేట.

ఆ ముద్ద ఎక్కడ పెట్టాలో
నాలుగు ఉత్తరాలు రాసినా ఎవరూ చెప్పలేదు.
గుంటలో ప్లాస్టిక్ పరిచి పోస్తున్నాం.
గుంట నిండుతోంది.

తనిఖీకి వచ్చినాయన గొడుగు కిందనించి అడిగాడు,
"ఇంకా ఎన్నేళ్లు పొయ్యాలి సున్నం?"
నేను తల గోక్కున్నాను.
"తవ్వినోళ్లనడగండయ్యా," అంది వెంగమ్మక్క,
బానలో తెడ్డు ఆపకుండా.

సాయంత్రం ఆమె చేతులు చూశాను.
ఇచ్చిన గ్లవుజులు వారానికే చిరిగాయి.
వేళ్ల సందుల్లో సున్నం కొరికిన పగుళ్లు.
మాల్యాద్రి తోటలో మిగిలిన చెట్టు నించి
ఒక కాయ తెచ్చుకుని, రెండు చెక్కలు చేసి
అరచేతుల మీద పిండుకుంది.
చురుక్కుమంది కాబోలు, పళ్లు బిగబట్టి
కాసేపాగి,
"ఈ పులుపు మంచిదే" అంది.

దుర్గం మీద మళ్లీ మబ్బు.
పదహారు బస్తాలు
తడవకుండా లోపలికి చేర్చాలి.