ఐదువందల ఒకటి

పెరంబూరు రైల్వే ఇన్‌స్టిట్యూట్‌లో
కేరమ్ బల్లల వెనక గోడకి
అట్లపెనమంత బోర్డు.
దాని చుట్టూ సున్నం నిండా చిల్లులు,
నాకంటే ముందు నేర్చుకున్నవాళ్లవి.

మెర్విన్ డిక్రూజ్, గూడ్స్ గార్డుగా రిటైరయ్యాడు,
గచ్చు మీద సుద్దగీత చూపించి
"ఇది దాటకూడదు, అంతే రూలు" అన్నాడు.
ఆ తర్వాత గంటసేపు మిగతా రూళ్లు చెప్పాడు.
ఇరవైకి అటు ఐదు, ఇటు ఒకటి:
ఆశపడ్డవాడికి పక్కింట్లోనే జరిమానా.
"పచ్చజెండా ఊపుతున్నావా? మోచెయ్యి కదలనీకు."

అందరికీ మొదట్లోనే ఐదువందల ఒకటి ఇచ్చేస్తారు.
దాన్ని ఖర్చు పెట్టుకుంటూ రావాలి,
సున్నా దాకా, సరిగ్గా సున్నా దాకా.
చివరి బాణం మాత్రం అంచు వలయంలోనే గుచ్చుకోవాలి,
జాకెట్టు పైపింగంత ఉంటుందది.

ఇది నాకు కొత్త కాదు అనుకున్నాను.
పొద్దంతా బుకింగ్ కౌంటర్‌లో చిల్లర లెక్కపెట్టి
రాత్రి రూపాయి తగ్గితే నా పర్సులోంచి వేసేదాన్ని.

బడిలో తమిళం, ఫారాల్లో ఇంగ్లీషు,
తీసివేత మాత్రం తెలుగులోనే వస్తుంది నాకు,
మా అవ్వ బియ్యం ఏరుతూ చెప్పించిన ఎక్కాల్లోంచి.
"పందొమ్మిది మూళ్లు యాభై ఏడు" అని గొణుగుతాను.
సుద్దముక్క పట్టుకుని మెర్విన్ ఆగుతాడు
నా నోట్లో నాలుగువందల నలభై నాలుగు
పూర్తిగా దిగేదాకా.

"ముప్పై రెండు దగ్గరికి చేరు" అంటాడు,
"గురి తప్పినా సగం మిగులుతుంది,
ఆ సగమూ మళ్లీ సగమవుతుంది."
చేరాను.
పదహారు డబుల్‌కి వేస్తే పదహారే పడింది.
ఎనిమిదికి వేస్తే ఎనిమిదే.
నాలుగుకి నాలుగే.
కేరమ్ ఆడేవాళ్లు స్ట్రైకర్ వదిలేసి చూస్తున్నారు.

నా వంతు మళ్లీ వచ్చింది. నాలుగు మిగిలింది.
రెండు. అయ్యో, లోపల.
ఒకటి. అదీ లోపలే.

ఒకటి మిగిలితే చచ్చినట్టే,
ఒకటికి సగం ఈ బోర్డు మీద లేదు.

మెర్విన్ బొటనవేలితో పలక తుడిచి
మళ్లీ నాలుగు వేశాడు,
"నాలుగు" అన్నాడు, తెలుగులో,
"ళ"కారం పలికి, తప్పుగా.

నా గుప్పిట్లో ఒక బాణం ఉండిపోయింది,
వంతు అయిపోయింది కాబట్టి వెయ్యనిది,
చెమటకి తడిసి.
బస్సులో చూసుకున్నాను,
తిరిగివ్వడం మరిచిపోయాను.