పదిహేడు గాట్లు

ష్రాప్‌షైర్ వానకి వేళాపాళా లేదు.
ఎవరో పైన కూర్చుని పిండి జల్లిస్తున్నట్టు
పొద్దుటినుంచీ ఒకటే తుంపర.
స్టోక్ ఆర్లీ చర్చి దక్షిణపు గోడకి
నిచ్చెన వేసుకుని సున్నం దర్జులు పడుతున్నాను.
రాయికి ఉప్పు పూసిందేమోనని
నాలిక చివరతో తాకి చూస్తాను.
నా ఉద్యోగం అదే.

తలుపు పక్కన, నడుమెత్తున,
ఎర్ర ఇసుకరాతిలో నిలువునా గాట్లు.
లెక్కపెట్టాను. పదిహేడు.
వేలు పెడితే వేలు ఇముడుతుంది.

"బాణాల ములుకులు నూరిన చోటు," అంది ఎనిడ్ గిటిన్స్.
చర్చి తాళాలు ఆవిడ దగ్గరే ఉంటాయి,
ఊరి సంగతులూ, మోకాళ్ళ నొప్పులూ కూడా.
"ఆదివారం ప్రార్థన కాగానే మగవాళ్ళంతా విల్లు పట్టాలి.
బంతాట ఆడితే జరిమానా.
మావాడూ ఒకడున్నాడు, హామో గిటిన్స్.
కాస్టియాన్ వెళ్ళాడు. అంతే."

ఆ 'అంతే'కి ఐదువందల డెబ్బై ఏళ్ళు.

ఫ్లాస్కులో టీ పోసుకుని
హామోని ఊహించబోయాను. రాలేదు.
ముందు పెద్దబాతులొచ్చాయి.
ఊళ్ళో ఒక్కో బాతుకి ఆరేసి ఈకలు
రాజుగారి పద్దు.
పీకేది ఆడవాళ్ళు.
మెడ చంకలో ఇరికించుకుని, ఒళ్ళో రెక్క విప్పి,
"ఊరుకోవే, ఊరుకో, మళ్ళీ మొలుస్తాయిగా" అంటూ.
ఒకామె మణికట్టు మీద ముక్కు పొడిచిన మచ్చ.
హామో నారి లాగిన ప్రతిసారీ
చెంప పక్కన నిలిచింది ఆమె పెరటి ఈకే.

జూలై. ద్రాక్షతోటల దేశం.
ఫ్రాన్సు వాళ్ళు కందకం తవ్వి, గట్టు పోసి,
గట్టు మీద నోళ్ళు తెరిపించి పెట్టారు
ఫిరంగుల్ని.

అక్కడ ఆగాను.
ఫిరంగి.
ఫ్రాంకుల పేరే ఎన్ని రేవులు తిరిగిందో,
తిరిగి తిరిగి మా నోట్లో అలా అరిగింది.
పరాయివాడికీ, వాడు మోసుకొచ్చిన పేలే గొట్టానికీ
ఒకే మాట వాడి సరిపెట్టుకున్నాం,
ఏది ముందు పేలుతుందో తెలియక.

ఎనిడ్‌కి చెప్పాను.
బిస్కట్ నోటిదాకా వెళ్ళి ఆగింది.
"ఫి, రం, గి," చీకట్లో మెట్లు దిగుతున్నట్టు పలికింది.
"హామోకి ఆ మాట వచ్చుంటే
ఎవణ్ణి తిట్టాలో తెలిసేది, పాపం."

ఒక్కో గుండుకి ఆరుగురేసి పడ్డారట.
ఆరేసి.
ఈకల లెక్కే.

నిర్ణాయక యుద్ధం అంటారు పుస్తకాల్లో.
నూరేళ్ళ పోరు ఆ సాయంత్రంతో తెగిపోయిందని.
ఆ సాయంత్రానికి ఆ సంగతి ఎవరూ చెప్పలేదు.
స్టోక్ ఆర్లీలో మర్నాడు బాతుల్ని తోలుకెళ్ళారు,
గడ్డి తడిగా ఉందని విసుక్కున్నారు.
కోతలయ్యాక ఈకలు మళ్ళీ మొలిచాయి, తెల్లగా, బలంగా.
ఆ ఏడు పద్దు రాసుకునేవాడు రాలేదు.
అప్పుడు అనుమానమొచ్చి ఉంటుంది ఆమెకి.

మూడింటికి సర్వేయరు పెంబర్టన్ వచ్చాడు,
బూట్లకి ప్లాస్టిక్ సంచులు కట్టుకుని.
"బాణాలా? ఎవరు చూశారు?
కొడవళ్ళు నూరి ఉంటారు, లేదా పిల్లలు నాణేలతో గీకి ఉంటారు.
నీరు దిగుతోంది. పూడ్చేయండి."
అతను చెప్పిందీ నిజమే కావచ్చు.
ఎనిడ్ ఏమీ అనలేదు,
తాళాల గుత్తి ఈ చేతిలోంచి ఆ చేతిలోకి మార్చుకుంది.

అతను వెళ్ళాక వంగి చూశాను.
పదిహేడోది మిగతావాటి వరసలో లేదు.
బాగా కింద, మోకాలెత్తున, వంకరగా, లోతు లేకుండా.
పెద్దవాళ్ళ వంతు అయ్యేదాకా ఆగలేక
ఎవడో బుడతడు
పుల్లతోనో చెంచాతోనో
తనూ ఒకటి నూరుకున్నాడు.

తాపీ మీద సున్నం తడిగా ఉంది.
ఎనిడ్ గొడుగు తెరిచి నా మీదా కాస్త పట్టింది.
"ఇవాళ కాదులెండి," అన్నాను,
"ఇంత తడిలో సున్నం పట్టదు."
అందులో అబద్ధం లేదు.
రేపూ వానేనట.