దారం ఎందుకు తెగుతుంది

మంగళవారం రాత్రి మారిందట.
బుధవారం పొద్దున టీ తాగుతూ చూస్తే
నిన్న పన్నెండు వందల మంది తొక్కిన గుమ్మంలోకి
నలభై ఒక్కరు.
అందులో ఇద్దరం మేమే: నేనూ, నా మేనల్లుడు యతీషూ.

పాత చాకలిపేటలో, రైలు గేటుకి ఇవతల,
నాన్న కుట్టుమిషన్లు బాగుచేసిన ఎనిమిదడుగుల కొట్టు.
పగలు స్క్రూడ్రైవరు, రాత్రి కీబోర్డు.
పదకొండేళ్లుగా రాస్తున్నాను
బాబిన్ కేసులో చిక్కే దుమ్ము గురించి,
తోలుపట్టా వదులైతే ఎంత కోయాలో,
సూది తిరగేసి బిగిస్తే మిషను ఎలా అలుగుతుందో.
దారం ఎందుకు తెగుతుంది అని
ఎక్కడ ఎవరు అడిగినా
మొదట పలికేది నా పేజీయే.
గొప్ప చెప్పుకోవడం కాదు.
సరే, గొప్పే అనుకోండి.

ఎవరు మార్చారు? పేరు లేదు.
ఎందుకు? వాడేవాళ్ల మేలు కోసం.
మా వీధిని వన్‌వే చేసినప్పుడూ
బోర్డు మీద ఇదే రాశారు.
అప్పుడైనా తిట్టుకోవడానికి
ఎండలో ఒక కానిస్టేబులు నిలబడేవాడు.
మునిరత్నం ఇడ్లీ బండి ఆ వారమే దిశ మార్చుకుంది:
పొయ్యి అటు, చట్నీ గిన్నె ఇటు,
వెనకెక్కడో ఉన్న మురుగన్ పటం ముందుకి.

నేనూ తిప్పాను.
"జవాబు పైకి, అత్తా. కథ కిందికి."
నాన్న చేతుల ఫోటో బరువట,
తెరుచుకోవడానికి నాలుగు సెకన్లు తింటుందట.
చిన్నది చేశాను. ఇంకా చిన్నది చేశాను.
బొటనవేలి మీది పాత సూదిపోటు మచ్చ
ఎక్కడో పోయింది.
ఎడమ పక్క నిలువు వరస పీకేశాను,
ఫోన్లో వేలికి అడ్డమట.
పేరాలు తెంచాను.
రెండు వాక్యాలకొక ఖాళీ,
రెండు ఖాళీలకొక పరుపుల ప్రకటన.
దారం అనే మాట పదిహేడుసార్లు వాడమన్నారు ఒకరు.
పదిహేడా, శిక్ష పడుతుంది అన్నారు ఇంకొకరు.
అయిదు దగ్గర ఆగాను, పులుసులో ఉప్పు చూసినట్టు.

మే నెల. కరెంటు లేదు.
మెట్ల మీద కూర్చుని ఫోన్లో నన్ను నేను వెతికాను.
రెండో పేజీ, మూడు, అయిదు, ఏడు.
చివరికి నా వాక్యాన్నే టైపు చేసి పిలిచాను.
పలికింది, వేరేవాళ్ల ఇంట్లోంచి.
నా మాటలే, ఆ "అలుగుతుంది"తో సహా,
ఒక పెట్టెలో, అన్నిటికంటే పైన,
ఎవరూ గుమ్మం తొక్కనక్కర్లేకుండా.
కింద సన్నటి అక్షరాల్లో
నేనెరగని చిరునామా.

జూన్‌లో కొరుక్కుపేట నుంచి పరిపూర్ణం వచ్చింది,
ఆటోలో, మిషను తల ఒళ్లో పెట్టుకుని.
"నువ్వు రాసినట్టే చేస్తున్నా. అయినా తెగుతోంది."
ప్లాస్టిక్ కవరులోంచి కాగితం తీసింది.
ఎప్పుడో నెట్ సెంటర్లో అచ్చు తీయించిందట,
మూలల్లో గోడ సున్నం, నడుమ నూనె వేలిముద్రలు.
నా పాత పేజీ.
ఎడమ పక్క నిలువు వరస ఉంది.
నాన్న చేతులు పెద్దవిగా ఉన్నాయి, మచ్చతో సహా.

నాలుగో మెట్టు చదివింది, వేలు పెట్టి:
దారం సూదిలోకి ఎడమ నుంచి ఎక్కించాలి.

ఎవరి ఎడమ?
నేను నాన్నకి ఎదురుగా కూర్చుని నేర్చుకున్నాను.
బల్లకి అటు ఆయన, ఇటు నేను.
నా ఎడమ ఆయన కుడి.
మిషను ముందు కూర్చున్నాక చేయి తనే సర్దుకుంది.
రాసేటప్పుడు మాత్రం
మళ్లీ ఆ బల్లకి ఇవతలే కూర్చున్నట్టున్నాను.
పదకొండేళ్లు. మొదటి స్థానం.
ఎంతమంది దారాలు తెంపానో.

కుడి నుంచి ఎక్కించి ఒక గుడ్డపీలిక కుట్టాను.
తెగలేదు.
ఆమె కాగితం మీద పెన్సిలుతో "ఎడమ" కొట్టేసి
పక్కన "కుడి" రాశాను,
"నీ కుడి" అని మళ్లీ రాశాను.
డబ్బులివ్వబోతే తీసుకోలేకపోయాను.

రాత్రి నా పేజీలోనూ దిద్దాను.
ఆరుగురు చూశారు.
పైన, ఆ పెట్టెలో,
ఇంకా ఎడమే ఉంది.