ఎనుమాముల యార్డు, పదకొండున్నర

జేసీబీ పన్ను తగిలి
కేబులు తెగింది మళ్ల.
తేజ మిర్చి ధర తెరమీద సగంల ఆగింది.
అడ్తి గుమ్మంల రైతులు ఫోన్లు పైకెత్తి
ఆకాశంతోని బేరమాడుతున్నరు.

ఓదెలు తుమ్ముకుంటనే నిచ్చెనెక్కిండు.
రేకుల కింద
రెండు సిమ్ముల రౌటర్,
దుమ్ము తుడిచిండు కండువతోని.
"ఒక టవర్ అలిగితే ఇంకోటి పలుకుతది" అన్నడు.

అక్కడినుంచి
కాంటా కాడి డబ్బాకు, డబ్బా నుంచి గోదాముకు,
గోదాము నుంచి గేటుకు
హమాలీలు బస్తా అందుకున్నట్టు
భుజం మార్చుకుంట పోయింది సిగ్నలు.
నడుమ ఒకటి ఆరిపోయింది.
పక్కది వంగి ఎత్తుకుంది.

ధర కదిలింది.
నిన్నటికన్న నూటయాభై తక్కువ.

చాటల తాలుకాయ ఏరుకుంటనే
సాంబలక్ష్మి అన్నది:
"ఇంత ఉరుక్కుంట ఎందుకు తెచ్చినవ్ బిడ్డా
ఈ మాట?"