నాలుగు నిమిషాల్లో ఓడిన సడవలికి

నాలుగు నిమిషాల పదకొండు సెకన్లు.
అంతే పట్టింది నీ ఊరు కాలిపోడానికి.
నీ కొట్టంలో పద్నాలుగొందల బంగారం
అలాగే ఉంది, ముట్టకుండా.
అది చూసి నాకు నవ్వు రాలేదు సడవలీ,
కడుపు మండింది.

"అక్కా, గిప్పుడే షురు జేసిన, ఏం సమజైతలేదు"
అని పెట్టేవు, ఇంగ్లీషు అక్షరాల్లో.
నాకూ అవే దిక్కు.
రాయగడ బళ్ళో ఒడియా దిద్దేను నేను,
సిరొంచలో మరాఠీ దిద్దేవు నువ్వు.
అమ్మ మాట మనిద్దరికీ నోటి దాకే వచ్చింది,
వేళ్ళలోకి దిగలేదు.
అందుకే రాయట్లేదు, మైకులో చెప్తన్నాను.
విను.

పనోళ్ళని పుట్టించడం ఆపకు.
సైన్యం తరవాత. ముందు పనోళ్ళు.
కట్టె కొట్టేవాడు, గని తవ్వేవాడు,
ఒకడు గుమ్మం దాటేసరికి ఇంకొకడు.
మా అమ్మకి స్టేషను బయట ఇడ్లీ, బరా బండి.
ఒక వాయి దింపుతుంటే
రెండో వాయి పిండి గరిటెలో ఉంటాది.
పొయ్యి ఉత్తినే మండితే
ఒంటి మీద తేళ్ళు పాకినట్టు గింజుకుంటాది.
మౌసు పట్టుకోడం రాదామెకి.
వచ్చుంటే మనిద్దర్నీ మింగేసును.

దాచుకోకు. పిండి దాస్తే పులుస్తాది,
బంగారం దాస్తే నాలాంటిది వచ్చి పడతాది.

ఆఁ, ఇంకోటి.
రెండో నిమిషంలో ఒకడ్ని చీకట్లోకి తోలు.
మ్యాపు మీద నలుపంటే అక్కడేమీ లేదని కాదు,
నువ్వు చూడలేదని.
వాడు చచ్చిపోతాడు. పోనీ.
పోయేలోపు చూసిందే మనకి మిగులు:
గోడ కడతన్నానా, గుర్రాలశాల కడతన్నానా,
ఇంటి ముందు ఎందరున్నారు.
అమ్మ కూడా తోలేది, నన్నే, ఏడేళ్ళప్పుడు,
ఎదర బండి ఘాసీరాం ఇవాళ ఘుగ్ని చేసేడో లేదో చూసి రమ్మని.
కొనడానికొచ్చినట్టుండాలని
చేతిలో రూపాయి పెట్టేది.
ఒకసారి దొరికిపోయేను.
ఆయన నవ్వి ఒక దొన్నె ఘుగ్ని ఊరికే పెట్టేడు.
ఆటలో అలా ఎవరూ పెట్టరు.

యుద్ధం చూస్తా కూర్చోకు.
నాకూ ఉండేది ఆ జబ్బు.
కత్తీ కత్తీ తగులుతుంటే బాగుంటాది మరి,
కాదన్ను.
ఆ బాగులో ఉండగానే ఇంటి దగ్గర పొయ్యి ఆరిపోతాది.
వేళ్ళకి నేర్పు:
ఒకటి నొక్కితే సైన్యం, ఐదు నొక్కితే ఇల్లు.
ఒకటి, ఐదు. ఒకటి, ఐదు.
అన్నం తింటున్నా కంచం అంచు మీద
నా వేళ్ళు అవే నొక్కుతాయి.

మనకి ఇంకో శత్రువు కూడా ఉంది,
ఆటలో లేనిది.
కొండ దిగి వచ్చే ఆ ఒక్క తీగ.
వాన పడితే నా మాట అర సెకను ఆలస్యం.
ప్రాణహిత పొంగితే మీకు కరెంటే ఉండదన్నావు.
పట్నం గుంటలకి తెలీదిది.
వాళ్ళు శత్రువు ఉన్నచోట కొడతారు,
మనం రాబోయే చోట కొట్టాలి.
అర సెకను ముందు బతకడం
అలవాటు చేసుకో.

వరసగా అరవై మూడు ఆటలు ఓడేను నేను.
కాగితం మీద గీతలు పెట్టుకున్నాను,
పాలవాడి లెక్కలా.
నిన్న నిన్ను జాలికి ఒగ్గేద్దామనుకున్నాను.
ఒగ్గలేదు.
ఒగ్గితే నీకు తెలిసిపోను.

అదిగో, గ్రైండరు చప్పుడు.
నాలుగయింది. అమ్మ లేచింది.
ఎవరితోనే ఈ వేళప్పుడు అంటంది.
చెప్పేను,
సిరొంచ గుంటడు, కొట్టం నిండా బంగారం పెట్టుకుని
ఆకలితో చచ్చేడని.
ఎంతున్నాదేటి?
పద్నాలుగొందలు.
"అయ్యో," అంది, పిండి చేత్తోనే నుదురు కొట్టుకుని,
"ఎన్ని వాయిలే అది!"

విన్నావా.
రాత్రి పదింటికి బేగి రా.
గెలవక్కర్లేదు.
ఐదు నిమిషాలు నిలబడు.