ముంతకు చెవులు

పదకొండో అధ్యాయం దగ్గర ఆగిపోయాను.
గడ్డకట్టిన సముద్రం మీదుగా
ఒక పనిపిల్ల నిప్పు మోసుకెళ్లాలి,
పొయ్యిలన్నీ ఆరిపోయిన కోటకి.
"వెళ్లింది" అని రాశాను. ఒక్క మాట.
ఆ మాట రాత్రంతా నన్ను పడుకోనివ్వలేదు.
ఎందులో మోసింది?
ఎన్ని గంటలు?
దారిలో ఒంటేలుకి కూర్చున్నప్పుడు
నిప్పు ఎక్కడ పెట్టింది?

"అద్భుత కథకి ఇవన్నీ ఎందుకే" అంది ఫోనులో మా అక్క ఆస్తా,
"ఎగిరే గుర్రానికి లాడం కొలత అడుగుతావా?"
అడుగుతాను.
ఎగరడం ఎలాగూ నమ్ముతారు,
లాడం తప్పయితేనే పట్టుకుంటారు.

ఫెర్రీ ఎక్కి హీయుమా దీవికి వెళ్లాను.
జనవరి. సముద్రం నల్లగా కదులుతూనే ఉంది.
"ఈ ఏడూ గడ్డకట్టలేదండీ" అన్నాడు
కాఫీ పోసే కుర్రాడు, తప్పేదో తనదైనట్టు.

చర్చి వెనక గదిలో లూలె
చేతికి తొడుగులిచ్చి పాత జీతాల పుస్తకం తెరిచింది.
నూటడెబ్బై ఏళ్ల కిందటి సిరా, గోధుమరంగు.
మాద్లి, పనిపిల్ల, పదకొండేళ్లు.
ఏడాదికి రెండు కుంచాల రై, ఒక గొంగడి.
బూట్లు: ఇవ్వలేదు.
అంత ముత్యాల్లాంటి అక్షరాల్లో
"ఇవ్వలేదు" అన్న మాట నేనెక్కడా చూడలేదు.
నా పిల్లకి నేను ఎర్ర బూట్లు తొడిగాను, మూడో అధ్యాయంలోనే.
అక్కడే, ఆ బల్ల మీదే, విప్పేశాను.

ఆర్వెద్‌కి ఎనభై నాలుగు.
వయసులో ఉన్నప్పుడు మంచుబాట పొడుగునా
జూనిపర్ కొమ్మలు పాతి దారి గుర్తులు పెట్టేవాడు.
"అవతలి ఒడ్డు దాకా కుదరదు,
లోపలి అఖాతం గడ్డకట్టింది, అంతవరకే" అన్నాడు.
మూడుతో హెచ్చవేసుకుంటాను లెండి అన్నాను.
కర్రతో మంచుని కొట్టి, చెవి వంచి విని,
"మనిషికి నాలుగు వేళ్ల మందం, గుర్రానికి జానెడు" అని చెప్పి
అటక మీది మట్టిముంత నా చేతికిచ్చాడు.
కథకి కాళ్లు లేవు, ముంతకు చెవులు లేవు అంటారు కదా,
దీనికి ఉన్నాయి, అటొకటి ఇటొకటి, తాడు కట్టుకోడానికి.
కాళ్ల సంగతి మాద్లి చూసుకుంది.

నిప్పుకణికలు వేసి, బూడిద కప్పి, బయల్దేరాం.
నివురుగప్పిన నిప్పు అని రాయడం ఎంత తేలిక!
గంటన్నరకి చూస్తే నివురొక్కటే ఉంది.

ముసలాయన నవ్వలేదు.
కోటు లోపల్నించి గుర్రపు డెక్కలాంటిదొకటి తీశాడు.
భూర్జ చెట్టు మోడు మీద మొలిచే కొయ్యపుట్టగొడుగట.
అంటించాడు. మంట లేదు, తొందర లేదు,
ముప్పై ఏళ్ల నాటి మాట మరిచిపోని ముసలమ్మలా
లోలోపల రగులుతూ కూర్చుంది.
"మా అమ్మమ్మ పొరుగూరి నించి నిప్పు ఇలాగే తెచ్చేది.
నువ్వు బూడిద అంటే సరేనని ఊరుకున్నాను,
పుస్తకాలు చదివినదానివి కదా."

"చలికి ఆమె చేతులు కొయ్యబారాయి" అని ఉంది నా రాతలో.
కొట్టేశాను.
ఒళ్లంతటిలోకీ వెచ్చగా ఉన్నవి చేతులే.
ఎదురుగాలికి పొగంతా కళ్లల్లోకి.
దారి పొడుగునా కన్నీళ్లు కారుతూనే ఉంటాయి,
ఏడుపు మాత్రం ఉండదు.
ఇది ఏ పుస్తకాల గదిలోనూ దొరికేది కాదు.

ఒడ్డు చేరాక ఆర్వెద్ ముంత దులుపుతూ అన్నాడు:
"ఇన్ని అడిగావు, ఒకటి అడగలేదు.
కోటలో వాళ్లు నిప్పు తీసుకున్నాక
ఆ పిల్ల వెనక్కి ఎలా వచ్చింది?
అదే దూరం కదా. ఈసారి చేతిలో నిప్పు కూడా లేదు."

పన్నెండో అధ్యాయంలో పెళ్లి పెట్టుకున్నాను నేను,
రాకుమారుడికి పేరు కూడా పెట్టాను.

తిరుగు ఫెర్రీలో నోటుబుక్కు తెరిచి
"వెనక్కి" అని రాసి, పక్కన ఏమీ రాయలేక
కిటికీలోంచి నీళ్లు చూస్తూ కూర్చున్నాను.
ఎదుటి సీటులో పసివాడు ముక్కు ఎగబీల్చి
వాళ్లమ్మ చెయ్యి లాగుతున్నాడు,
ఏదో కాలుతోందమ్మా, ఇక్కడే ఎక్కడో.